కండువా కప్పుకున్న రష్యన్ కవి

దయ్యాల మాటెత్తితే నవ్వి లేచి వెళ్ళిపోయే రకాన్ని నేను. రోజంతా మైక్రోస్కోప్ ముందు కూర్చునే పెథాలజిస్టుకి అవి నమ్మే తీరిక ఎక్కడిది? ఇది మాత్రం మా ఇంట్లో, నా కళ్ళముందే జరిగింది.

ఎనభైల మొదట్లో, అమెరికాలో, ఎడిసన్‌లో మా పక్కింట్లో ఒక రష్యన్ ముసలావిడ ఉండేది. నర్సింగ్ హోమ్‌కి వెళ్ళిపోతూ, చనిపోయిన భర్త వేసిన బొమ్మ మాకిచ్చింది. అందులో వాళ్ళ గొప్ప కవి తన ఊళ్ళో, మంచు కప్పిన నది ఒడ్డున నిలబడి ఉంటాడు. ఆవిడదీ ఆ ఊరే, మళ్ళీ వెళ్ళలేకపోయింది. "ఆయన్ని ఆయన ఊళ్ళోనే ఉండనివ్వండి," అని ఒక్కటే కోరింది. అలాగేనన్నాం.

ఆ జూలైలో మా తెలుగు సంఘం ఒక తెలుగు కవి జయంతి పెట్టుకుంది. దండ వేయడానికి పటం దొరకలేదు. మా ఆయన సర్జన్, సరదాకి బొమ్మలు వేస్తాడు. ఆయన కళ్ళు ఆ రష్యన్ బొమ్మ మీద పడ్డాయి.

"ఉంగరాల జుట్టుంది, కవి కళ ఉంది. కండువా వేస్తే మనవాడే! ఎవడు కనిపెడతాడోయ్?" అన్నాడు.

"ఆవిడకి మాటిచ్చాం కదండీ," అన్నాను. వింటేగా! కోటు మీద కండువా వేశాడు, మంచు మీద గోదావరి పారించాడు, నుదుట బొట్టు పెట్టాడు. సభలో అందరూ ఆ పటానికి భక్తిగా దండం పెట్టారు.

మర్నాడు మా ఆయన కుడిచేతిలో కుంచె పట్టిన మూడు వేళ్ళూ తెల్లగా పాలిపోయాయి. ముట్టుకుంటే ఐసు. పరీక్షల్లో ఏమీ తేలలేదు. తోటి డాక్టరొకాయన చూసి, మంచులో ఎక్కడ తిరిగావని అడిగాడు. బయట ఎండ మండిపోతోంది.

ఆ చెయ్యి పోతే మా ఆయన సర్జరీ పోయినట్టే. నాకు భయం పట్టుకుంది. టర్పెంటైన్ పెట్టి బొట్టు, కండువా, గోదావరి అన్నీ తుడిచేశాను. అడుగున ఆ కవి ఊరు చెక్కుచెదరకుండా బయటపడింది. పటం ముందు నిలబడి క్షమించమని వేడుకున్నాను. నేను!

అయినా వేళ్ళు నల్లబడ్డాయి. మూడూ తీసేయాల్సి వచ్చింది. తీసేసిన వేళ్ళ స్లైడు ఇంకెవరికీ ఇవ్వకుండా మైక్రోస్కోప్ కింద నేనే చూశాను. అది గడ్డకట్టే చలికి చచ్చిన మాంసం. జూలైలో అదెలా సాధ్యమో ఈరోజుకీ చెప్పలేను.

తప్పయిపోయిందని మొక్కాక కూడా కొట్టినవాణ్ణి, ఎంత కవైనా, నేను గొప్పవాడనను. ఎడమచేత్తో అన్నం తిననని మొండికేసే మనిషికి నేనే కలిపి ముద్దలు పెడుతున్నాను.