మేడ మీద ఇంగ్లీషు తగువు

నా చిన్నప్పుడు, గోదావరి మా వీధిలోకి వచ్చిన ఏడు, నన్ను నోరు లేని పిల్లని అనుకునేవారు. తెలుగులో కాదు. తెలుగులో నా నోటికి మా అమ్మే జడిసేది. నా నోరు పడిపోయేది ఇంగ్లీషులోనే.

మేం బూర్గంపాడులో ఉండేవాళ్లం. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ మిరప, పొగాకు వేసేవాడు. నన్ను ఖమ్మంలో ఇంగ్లీషు మీడియం బడిలో, హాస్టల్లో ఉంచి చదివించాలని ఆయనకి ఒకటే పట్టు. రాతపరీక్ష గట్టెక్కాను. తర్వాత ప్రిన్సిపాలమ్మ ఎదుట కూర్చోబెట్టి ఇంగ్లీషులో మాట్లాడమంటే కొయ్యబొమ్మలా కూర్చుండిపోయాను. ఆవిడ దయతలచి దసరా సెలవుల తర్వాత మళ్లీ తీసుకురమ్మంది. అప్పుడూ నోరు తెరవకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తానని కూడా చెప్పింది. నాన్న ఇల్లు చేరేదాకా బస్సు కిటికీలోంచి అడవి చూస్తూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

ఇంగ్లీషు రాక కాదు. టెన్సులన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. మాటలకు అర్థాలు ఎన్నో బట్టీపట్టాను. కానీ ఒక్క వాక్యం పైకి అనబోతే చాలు, ఇందులో తప్పుందేమో, నవ్వుతారేమో అని గొంతు పట్టేసేది. లోపల మాటలు కిక్కిరిసిపోయి, బయటికి దారి లేక నాకు చెమటలు పట్టేవి.

అప్పుడు నాన్న పక్కింటి అక్కని సాయమడిగాడు. అక్క కొత్తగూడెం పిల్ల. తండ్రి బొగ్గుబాయిలో పనిచేస్తూ ఆమెను డిగ్రీ దాకా చదివించాడు. పెళ్లికి ముందు అక్కడే ఒక బడిలో ఇంగ్లీషు చెప్పేది. మా పక్కింటికి కోడలిగా వచ్చాక మాత్రం గడప దాటలేదు. కోడలు ఉద్యోగానికి వెళ్లడం వాళ్ల అత్తగారికి నామోషీ. మా ఊరి బడిలో ఇంగ్లీషు చెప్పే మనిషి లేక పెద్దసారు వచ్చి అడిగితే, అత్తగారే వాకిట్లో మజ్జిగిచ్చి పంపేసిందట. అక్క భర్త తల్లి మాటకు ఎదురుచెప్పే మనిషి కాదు. నాకు పాఠం చెప్పడానికి మాత్రం అత్తగారు ఒప్పుకుంది, ఇంట్లో కూర్చుని చెప్పేదే కదా అని.

అక్క రోజుకో విషయం తీసుకునేది. ఒకరోజు వంటిల్లు, ఒకరోజు సంత, ఒకరోజు ప్రయాణం. ముందు ఆ విషయానికి కావలసిన మాటలన్నీ ఏరేవాళ్లం. తర్వాత వాటితో వాక్యాలు కట్టేవాళ్లం. ఆఖర్న పుస్తకం మూసేసి దాని గురించి మాట్లాడుకోవాలి. మొదటి రెండింటిలో నేను పులిని. మూడోదానికి వచ్చేసరికి అక్క మాట్లాడేది, నేను తలూపేదాన్ని. పాపం, ఆమె ఎంత ఓపిక పట్టిందో!

అంతలో వరద వచ్చిపడింది. మగవాళ్లంతా గొడ్లను తోలుకుని గుట్ట మీదికి వెళ్లారు. మాది పెంకుటిల్లు కాబట్టి అమ్మ నన్నూ తమ్ముణ్నీ తీసుకుని అక్కావాళ్ల మేడ ఎక్కింది. ఉన్నది ఒక్క గది, దాని ముందు చిన్న వరండా. అందులో మేం, అక్క, అత్తగారు, మిరపకాయ బస్తాలు, ఒక కోళ్లగంప. చూస్తుండగానే కింది మెట్లు మునిగిపోయాయి. చుట్టూ ఎర్రనీళ్లు. బస్తాల ఘాటుకి తుమ్మని మనిషి లేడు. తాగే నీళ్లు బిందెడే ఉన్నాయని అత్తగారు దాని మీద చెయ్యేసి కూర్చుంది. కాళ్లు చాపుకోవాలన్నా ఎవరో ఒకరు ముడుచుకోవాలి. పడవ ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో లేదో ఎవరికీ తెలియదు. నాకైతే ఏడుపు ఒక్కటే తక్కువ.

మర్నాడు పొద్దున్న అక్క ఉన్నట్టుండి నావైపు తిరిగి, అటుకుల్లో కలుపుదామని దాచిన బెల్లంముక్క మాయమైందని ఇంగ్లీషులో అంది. "యూ ఆర్ ఎ థీఫ్" అని వేలు చూపించింది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. తిన్నది చాలలేదా, దొంగతనం మీ అమ్మే నేర్పిందా అని ఇంగ్లీషులోనే కడిగేసింది. అమ్మ మాట ఎత్తేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. నేను ముట్టుకోలేదని, నువ్వే తిని ఉంటావని, మా అమ్మ జోలికి వస్తే ఊరుకోనని, వచ్చిన ఇంగ్లీషు మాటలన్నీ అడ్డదిడ్డంగా విసిరేశాను. మా అమ్మ బిత్తరపోయింది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగగానే అక్క కొంగుముడి విప్పి, బెల్లంముక్క నా నోట్లో పెట్టింది.

"వచ్చిందా లేదా నోరు? గిదే కావాలె నాకు!" అని పకపకా నవ్వింది.

ఇక ఆ రోజంతా తగువులే. విషయం అక్క చెప్పేది. వరద మంచిదా చెడ్డదా, ఊరు నయమా పట్నం నయమా. ఒకరు ఔనంటే ఇంకొకరు కాదనాలి. తప్పులు దిద్దేది కాదు, ఎదురుచెప్పేది. "ఏందే మీ లొల్లి, చెవులు పోతున్నయ్" అని అత్తగారు కసిరేది. ఆవిడకి గాని మా అమ్మకి గాని ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

మధ్యాహ్నం అక్క ఇచ్చిన విషయం ఇల్లు. ఎలాగైనా గెలవాలని, ఇంత ఇంగ్లీషు వచ్చి నువ్వెందుకు ఇంట్లో కూర్చున్నావు అని అడిగేశాను. అక్క నీళ్లవైపు తిరిగింది. తర్వాత ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. పొద్దున్నే బడిగంట వినబడితే ఆ పూట అన్నం దిగదని చెప్పింది. వరద నిన్న వచ్చింది గాని, తాను పెళ్లైన నాటి నుంచీ ఇలా చిక్కుకుపోయే ఉన్నానని చెప్పింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో అత్తగారు ఉంది. ఆవిడ ఎదుటే చెప్పింది అవన్నీ, కన్నీరు లేకుండా, పాఠం చెప్పే గొంతుతో.

అవి వినడం నాకు ఇష్టం లేదు. పెద్దవాళ్లు బాధపడుతుంటే జాలికంటే ముందు కోపం వచ్చే వయసు నాది. లేచి పారిపోదామంటే కింద నీళ్లు. నాకెందుకు చెప్తావు, ఆమెకు చెప్పు, అని ఇంగ్లీషులో అరుస్తూ అత్తగారి వైపు చెయ్యి చూపించాను.

"నన్నేమంటున్నదే ఆ పిల్ల?" అంది ఆవిడ.

మా అమ్మ నన్ను గిల్లింది. అక్క ముఖంలో నెత్తురుచుక్క లేదు. నేను మంచినీళ్లు అడుగుతున్నానని అంటే అయిపోయేది. అలాగే అంటుందని నేనూ అనుకున్నాను. అక్క కొంగు సర్దుకుని అత్తగారి వైపు తిరిగి కూర్చుంది.

"నన్ను మీకే చెప్పమంటున్నది అత్తమ్మా. నాకు బడికి పోయి పాఠం చెప్పాలని ఉన్నది. ఇంట్ల గిట్ల కూసుంటే నాకు ఊపిరి ఆడ్తలేదు. మీరు వద్దంటే మళ్ల అడుగుత."

మెట్లకింద నేల ఉంటే ఎవరో ఒకరం లేచి వెళ్లిపోయేవాళ్లమే. దారి లేదు కాబట్టి అందరం ఆ మాటతోపాటే అక్కడ కూర్చున్నాం. అత్తగారు కోడలి వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాను. ఆవిడ బిందెలో గ్లాసు ముంచి అక్క చేతికిచ్చింది.

"ముందు తాగు. వరద తియ్యనియ్, ఇల్లు కడగాలె. తర్వాత సూద్దాం" అంది. అది ఔనో కాదో నాకు అర్థం కాలేదు.

వరద తీశాక ఊరంతా బురద ఎత్తిపోసుకోవడంలో పడ్డారు. ఆ మాట మళ్లీ నా ఎదుట ఎవరూ ఎత్తలేదు. నా పాఠాలు మాత్రం దసరా దాకా సాగాయి. ప్రిన్సిపాలమ్మ ఈసారి వరద గురించి అడిగింది. చెప్పాను. మధ్యలో ఆవిడ ఏదో అంటే, మీరు చూడలేదు, నేను చూశాను అని ఎదురుచెప్పాను కూడా. నాన్న గుమ్మం దగ్గర గాభరాపడ్డాడు గాని ఆవిడ నవ్వి సీటిచ్చింది.

హాస్టలుకు వెళ్లే రోజు ట్రంకుపెట్టె పట్టుకుని పక్కింటివైపు చూస్తూ నిలబడ్డాను. అక్క బయటికి రాలేదు. నాకు చెప్పలేనంత దుఃఖం వచ్చింది. అత్తగారు చీపురుతో వాకిట్లోకి వచ్చి, "దానికోసం సూడకు. బడికి పోయింది" అంది. ఆ మాటకు మా నాన్న నవ్వాడు, నేను ఏడ్చాను.

ఇన్నేళ్ల తర్వాత కూడా గొంతులో ఏదైనా మాట ఇరుక్కుంటే, ముందు తలుపేసుకుని ఇంగ్లీషులో నాకు నేనే చెప్పుకుంటాను. తర్వాత బయటికి వచ్చి, ఆ మాట వినవలసిన మనిషి ఎదుట కూర్చుని తెలుగులో చెబుతాను.