అక్క స్క్రీన్ మీద మసక

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. ఆ పొద్దు మాలూరు దాటాక మా రైలు ఆగిపోవాలని కురుడుమలె వినాయకుణ్ణి అడిగింది నేనే. బోగీ నిండా పనులకు పోయేవాళ్ళు. ఆలస్యమైతే గేటు దగ్గర సంజాయిషీ చెప్పుకోవలసినవాళ్ళు. ఆ సంగతి తెలిసే అడిగాను. రైలు నిజంగానే ఆగింది.

కేజీఎఫ్ నుంచి పొద్దున్నే బెంగళూరు పోయే రైల్లో ఎవరి చోటు వాళ్ళకుంటుంది. టికెట్ మీద రాసి ఉండదు, అందరికీ తెలుసంతే. నేను ఎక్కేది ఊరిగాంలో. అక్క నాకంటే ముందు స్టేషన్‌లో ఎక్కి, కిటికీ పక్క సీటు మీద చేతిరుమాలు వేసి ఉంచేది. నన్ను చూడగానే తీసేది. అక్క అంటే నాకు చుట్టం కాదు. నలభై దాటిన మనిషి, వైట్‌ఫీల్డ్‌లో ఒక చిన్న కంపెనీలో టైపిస్టు. వాళ్ళ మామ చిత్తూరు వైపు నుంచి గని పనికి వచ్చి కాపురం పెట్టిన గని కూలీల లైను ఇంట్లోనే ఇప్పటికీ ఉంటున్నారు. నాకోసం సీటు ఎందుకు పట్టి ఉంచుతుందో నేను అడగలేదు. నేనెందుకు మాట్లాడనో ఆమె అడగలేదు. నేను పుస్తకం తెరిచేదాన్ని, ఆమె ఒళ్ళో పేపరు పరుచుకుని అనపకాయలు ఒలుచుకునేది. ఏడాది పైగా అలాగే గడిచింది.

ఎదురు సీట్లలో పేకాట వాళ్ళు కూర్చునేవాళ్ళు. వాళ్ళలో పెద్దాయన ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆయన నాకు పెట్టిన పేరు సైలెంట్ పాప. "సైలెంట్ పాప వచ్చేసింది, ఇంగ రైలు ఎత్తొచ్చు" అనేవాడు రోజూ. నేను నవ్వి తల దించుకునేదాన్ని.

నా ఉద్యోగం కూడా నా నోటికి తగినదే. కంటోన్మెంట్ దగ్గర ఒక ఆఫీసులో కూర్చుని, సాఫ్ట్‌వేర్‌తో ఇబ్బంది పడేవాళ్ళకు చాట్‌లో జవాబులిస్తాను. ఫోను ఎత్తే పని లేదన్నారని చేరాను.

ఆ చలికాలం అక్క ఒళ్ళోకి అనపకాయల బదులు ల్యాప్‌టాప్ వచ్చింది. ఆఫీసువాళ్ళు కొత్తగా ఇచ్చారు, సన్నగా అప్పడంలా ఉంది. మొదటి రెండు రోజులు దాన్ని చీర కొంగుతో తుడుచుకుంటూ మురిసిపోయింది. తర్వాత ఎందుకో ముఖం వాడిపోయింది. కళ్ళజోడు తీస్తుంది, తుడుస్తుంది, పెట్టుకుంటుంది, స్క్రీన్ మీదికి వంగుతుంది. ఒక పొద్దు కొత్త కళ్ళజోడుతో వచ్చింది. దానితోనూ అలాగే వంగింది.

"ఏమమ్మా, దాంట్లోకి దూరిపోతావా ఏమి?" అన్నాడు ఫిట్టరు.

"నా కండ్లు పోయినాయి అన్నా," అంది అక్క నవ్వబోయి. "అప్‌డేట్ అని ఏదో వచ్చింది. ఆ పొద్దునుంచి అక్షరాలు నువ్వుల మాదిరి అయిపోయినాయి. మా కంప్యూటర్ పిల్లోడు వచ్చి ఏదో చేసినాడు. పెద్దగా అయితే అయినాయి, అంతా మసక. కండ్లు చూపించుకోండి మేడమ్ అనేసి పోయినాడు."

"చూపించుకున్నావా?"

"చూపించుకుంటిని, అద్దాలు మారిస్తిని. మసక మసకే. మీటింగులో మాటలన్నీ నేను టైపు చేస్తా ఉంటే గోడమీద టీవీలో పడతాయి. మొన్న కనపడల్యా అని సైజు రెట్టింపు చేసుకుంటే, ఆ టీవీలో ఒక్కో అక్షరం గుమ్మడికాయంత! అందరూ నవ్వినారు. సార్ పిలిచి, ఈరోజు మీటింగు కూడా ఇట్లే అయితే ఈ పని వేరేవాళ్ళకు ఇస్తాను, నువ్వు గేటు దగ్గర కూర్చో అన్నాడు. పెండ్లికి ముందునుంచి చేస్తా ఉండే పనన్నా."

ఫిట్టరు పేక ముక్కలు మూసి పట్టుకున్నాడు.

నేను స్క్రీన్ వైపు ఓరగా చూశాను. చూడగానే తెలిసిపోయింది. అది రోజూ మా చాట్‌లోకి వచ్చే ఫిర్యాదే. ఆ రకం స్క్రీన్లలో చుక్కలు, అంటే పిక్సెల్స్, చాలా దగ్గరదగ్గరగా ఉంటాయి. అక్షరం ఎంత సైజులో ఉండాలో విడిగా చెప్పి పెట్టాలి. అప్‌డేట్ వచ్చినప్పుడు ఒక్కోసారి ఆ చెప్పినది చెరిగిపోయి అక్షరాలు చిన్నవైపోతాయి. ఆ అబ్బాయి సైజు పెంచాల్సింది పోయి, చుక్కల సంఖ్యే తగ్గించేశాడు. అందుకే ప్రతి అక్షరం తడి చేత్తో తుడిచిన పలక మీది రాతలా ఉంది.

చెప్పాలని నోరు తెరిచాను. రాలేదు. ఫోను తీసి టైపు చేశాను. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే అయినా అక్క చదివేది కన్నడమే, అందుకని కన్నడలో రాసి ఆమె ముందు పెట్టాను. మీ కళ్ళు బాగున్నాయి అక్కా, తప్పు స్క్రీన్‌ది, నేను సరిచేయనా, అని.

అక్క చదివింది. రెండోసారి చదివింది. కళ్ళజోడు పైకెత్తి వేలితో కళ్ళు ఒత్తుకుని, ల్యాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టేసింది. "మాట్లాడేది వస్తాది కదా నీకు?" అంది నెమ్మదిగా.

"వస్తాది అక్కా," అన్నాను.

చుక్కలు మళ్ళీ పూర్తిగా పెంచి, అక్షరాల సైజు విడిగా పెంచాను. స్క్రీన్ కడిగినట్టు తేటపడింది. అక్క నోటిమీద చెయ్యి పెట్టుకుంది. కానీ ఆఫీసు పనికి వాడే ప్రోగ్రామ్ తెరవబోతే తెరుచుకోలేదు. అప్‌డేట్ సగంలో నిలిచిపోయి ఉంది. అది పూర్తయితే గానీ లాభం లేదు. నా ఫోన్‌లోని నెట్ కలిపాను. రైలు పరుగు తీస్తే సిగ్నల్ పోతోంది, నిదానిస్తే వస్తోంది. వైట్‌ఫీల్డ్ దగ్గర పడుతోంది. అప్‌డేట్ ఎంతవరకు వచ్చిందో చూపించే గీత మాత్రం సగం దాటి కదలడం లేదు. వినాయకుణ్ణి అడిగింది అప్పుడే.

వెనకాల వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి రైలు ఆగింది. బోగీ అంతా ఒకటే తిట్లు. "ఈ ఎక్స్‌ప్రెస్‌లో ఎవురు పోతారప్పా, రాజులా?" అని ఫిట్టరు అరుస్తున్నాడు. నేను మాత్రం ఆ గీతనే చూస్తున్నాను. కదిలింది. అక్క నా మోచేయి పట్టుకుని ఉంది. అనపకాయల పసరు వాసన ఆ వేళ్ళనుంచి ఇంకా పోలేదు. ఎక్స్‌ప్రెస్ దడదడమని దాటిపోయేలోగా గీత నిండింది, ప్రోగ్రామ్ తెరుచుకుంది.

వైట్‌ఫీల్డ్‌లో దిగుతూ నా నంబరు తీసుకుంది. "ఏదైనా అయితే ఫోన్ చేస్తా పాపా." చాట్ చేయండి అనబోయాను. అప్పటికే దిగిపోయింది.

రైలు కృష్ణరాజపురం దాటి సిగ్నల్ కోసం అరగంటగా ఆగి ఉండగా ఫోన్ మోగింది. అలా మోగే ఫోన్లను నేను సాధారణంగా ఎత్తను.

"పాపా, టీవీకి వైరు పెట్టినాను. ల్యాప్‌టాప్‌లో బాగుండాది. టీవీలో మళ్ళీ మసక! సార్ లోపలికి వచ్చేస్తాడు ఇంగ."

రెండు స్క్రీన్లు, రెండు సైజులు. ప్రోగ్రామ్‌కు దేన్ని పట్టుకోవాలో తెలియడం లేదు. "అక్కా, ఫైల్ నొక్కండి," అన్నాను.

"ఏమి? వినపడల్యా."

పక్క పట్టాల మీద గూడ్సు బండి పోతోంది. బోగీలో నూరు గొంతులు. నేను లేచి నిలబడ్డాను. "ఫైల్! ఎడమ పక్క, పైన! ఫైల్!"

ఎవరో తిరిగి చూశారు. ఫిట్టరు ముక్కలు బోర్లించాడు. "ఏయ్, సుమ్మనుండండప్పా! సైలెంట్ పాప మాట్లాడతా ఉండాది!"

బోగీ అంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. ఇంతమంది మధ్య నా గొంతు ఒక్కటే. కూర్చుండిపోవాలనిపించింది. కానీ అవతల అక్క ఊపిరి వినిపిస్తోంది, ఆగలేకపోయాను.

"కింద ఆప్షన్స్ అని ఉంటుంది. ఉందా?"

"యాడ? యాడ పాపా? ఆ... ఉండాది, ఉండాది."

"దాంట్లో రెండు స్క్రీన్లు వాడేటప్పుడు అని ఒక లైను. కింద రెండు గుండ్రాలు. రెండోది నొక్కండి!"

"రెండోదంటమ్మా, రెండోది!" అని ఫిట్టరు నా ఫోనుకేసి వంగి అరిచాడు.

"ఎవురది?"

"ఎవరూ కాదక్కా. నొక్కారా? ఇప్పుడు ప్రోగ్రామ్ మూసేసి, మళ్ళీ తెరవండి."

అటునుంచి కుర్చీలు జరుగుతున్న చప్పుడు, ఎవరో మగమనిషి గొంతు వినిపించి, ఫోన్ కట్ అయింది.

"ఏమయింది?" అన్నారు ఇద్దరు ముగ్గురు. తెలియదని తల ఊపాను. "పోనీలే పాపా, అయింటాది," అన్నాడు ఫిట్టరు, ముక్కలు పంచకుండా కలుపుతూనే.

ఆ రోజు చాట్‌లో ఎవరికేమి జవాబిచ్చానో గుర్తులేదు. చేసింది సరైనదే అని తెలుసు. ఆ ప్రోగ్రామ్ తెరుచుకోవడానికి పట్టే క్షణాలు సార్ ఓపికలో ఉన్నాయో లేదో అది తెలియదు. ఫోన్ చేసి అడగడానికి మళ్ళీ ధైర్యం చాలలేదు.

సాయంత్రం రైలు కిక్కిరిసి ఉంది. వైట్‌ఫీల్డ్‌లో జనాన్ని తోసుకుంటూ అక్క వచ్చింది, ల్యాప్‌టాప్ సంచిని గుండెకు హత్తుకుని. నేనూ నిలబడే ఉన్నాను. ఆమె ముఖం చూసి ఏమీ తెలుసుకోలేకపోయాను.

"ఏమన్నారు అక్కా?" నేనే అడిగాను.

"ఏమీ అన్లే," అంది. "తెరుచుకునింది. కడిగిన ముత్యాల మాదిరి ఉండాయి అక్షరాలు. సార్ కూర్చున్నాడు, టీవీ చూసినాడు, రాసుకోమ్మా అన్నాడు. నేను రాసుకుంటిని. మీటింగు అయిపోయింది, అందరూ లేచి పోయినారు. ఒక్కరూ నవ్వల్యా, ఏమీ అన్లే పాపా."

నేను ఆమె సంచి తీసుకుని నా భుజానికి తగిలించుకున్నాను. బంగారుపేట వరకు అలాగే, ఒకే కమ్మీ పట్టుకుని నిలబడ్డాం.

ఊరిగాంలో దిగబోతూ సంచి తిరిగి ఇచ్చాను. అక్క తలుపు దాకా నా వెంట వచ్చింది. నా గొంతు దగ్గర తన వెచ్చని వేళ్ళు ఒకసారి ఆనించి అంది:

"ఇంటికి పోయినాక వేన్నీళ్ళు తాగు పాపా. పొద్దున అంత అరిచినావే, నొప్పి పెడతాది."