రెండు టోపీలూ ఒక బట్టతలా

తెయాగాయ్‌కి మార్కులు వేసే జబ్బు ఉంది. పసిఫిక్ సముద్రంలోని తువాలు దీవుల రాజధాని ఫునాఫుటిలో ఏ ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డా, లోపలి వాళ్ల నిజాయితీకి నూటికి ఇంత అని వేసి, పక్కనే నిజాయితీలో అందరికన్నా ముందుండే డెన్మార్క్ మార్కు రాసి, తేడా చూసి నిట్టూర్చేవాడు. ముప్పై ఏళ్లు జనాభా లెక్కలు రాసి రిటైరయ్యాక లెక్కపెట్టడానికి మనుషులు దొరక్క ఇలా అయ్యాడని ఊళ్లో అనుకునేవారు.

అసలు కారణం అవమానం. ఏ దేశంలో సర్కారు వాళ్లు ఎంత తింటున్నారో అంచనా కట్టి, బెర్లిన్‌లో ఏటా ఒక జాబితా వేస్తారు. అందులో తమ దేశం తువాలు పేరే లేదు. కనీసం మూడు చోట్ల నుంచి సమాచారం వస్తేగానీ ఏ దేశాన్నీ చేర్చరట. "దొంగలమని రాసినా ఓర్చుకుంటా. అసలు లేనే లేమంటే ఎలా?" అని వాపోయి, ఆ మూడు చోట్లూ తనే అయిపోయాడు. ఆకులతో అల్లిన టోపీ పెడితే వర్తకుడు. గుడ్డ టోపీ పెడితే నిపుణుడు. బట్టతలతో ఉంటే సామాన్య పౌరుడు. ముగ్గురూ విడివిడిగా మార్కులు వేసేవారు. ఒక్కోసారి ముగ్గురికీ పడేది కాదు.

ఈ ముగ్గురి చేతిలో ఎక్కువ నలిగింది అతని అక్క కూతురు సులుఫైగా. దూరపు దీవులకు వెళ్లే ఓడలో చోటు రాసే గుమాస్తా ఆమె. రోజూ ఆమె కిటికీ ఎదుటి బెంచీ మీద మకాం వేసేవాడు.

"ఆ చేపలెవరివమ్మాయ్?"

"మా పిన్ని కొడుకు తెచ్చాడు, మావయ్యా."

"వాడి పేరు ఓడ ఎక్కేవాళ్ల జాబితాలో ఉందా?"

"వాడు ఓడలోనే పనిచేస్తాడు."

"అయితే పది మార్కులే తగ్గిస్తా."

ఆ దేశంలో బంధువు కానివాడు ఎవరైనా లంచం ఇవ్వాలంటే విమానం దిగి రావాలి. చేత్తో తెచ్చిన చేపను వద్దంటే చెంపదెబ్బ కొట్టినట్టే. ఇవన్నీ మావయ్యకు తెలియవా అని సులుఫైగా తల్లి దగ్గర ఏడ్చింది. చిన్నప్పుడు అమ్మ వడ్డనకు కూడా మార్కులు వేసి తన్నులు తిన్నాడని తల్లి నవ్వేసింది.

ఆ వారం నానుమేయా దీవికి వెళ్లే ఓడలో ఒక్క చోటే మిగిలింది. వరుసలో ముందున్నది మెలాలి అనే వితంతువు. అక్కడ ఆమె కూతురికి తొలి కాన్పు. ఈ ఓడ తప్పితే మళ్లీ మూడు వారాలకే ఇంకోటి. సులుఫైగా ఆమె పేరు పెన్సిల్‌తో రాసింది, ఇంకా సిరా వేయలేదు.

అప్పుడు పెనియేలి వచ్చాడు. ఆమె పై అధికారికి బావమరిది. భుజం మీద చంటిపిల్లాడంత ట్యూనా చేప. ఇంట్లో వండుకోమని కిటికీలోంచి అందించాక, నానుమేయాలో ఒక పెళ్లి విందు ఉందని మాటవరసకన్నట్టు చెప్పాడు. వద్దంటే రేపటికల్లా ఆమె పొగరు ఊరంతా పాకుతుంది. పుచ్చుకుంటే మెలాలి ఒడ్డునే ఉండిపోతుంది. సులుఫైగా చెయ్యి రబ్బరు దాకా వెళ్లింది.

తెయాగాయ్ లేచి ఆ ట్యూనాను లాక్కుని సామాన్ల కాటా మీద పడేశాడు. పద్నాలుగు కిలోలు. ఆకుల టోపీ పెట్టి బజారు ధర కట్టాడు. గుడ్డ టోపీకి మారి, కిలోకి మూడు చొప్పున నలభై రెండు మార్కులు కొట్టేశాడు. ఆపైన రెండు టోపీలూ తీసి, పౌరుడిగా పెనియేలి ముందు కూర్చున్నాడు.

"పోయిన పన్నెండు నెలల్లో ఏ ఉద్యోగికైనా కానుక ఇచ్చారా? ఈ చేపతో కలిపి చెప్తారా, కలపకుండానా?"

వరుసలో ఉన్నవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. బెర్లిన్‌కి పేరు ఎలా రాయమంటారని అడిగేసరికి పెనియేలి ట్యూనాను మళ్లీ భుజానికెత్తుకున్నాడు. పోతూ పోతూ సులుఫైగా వైపు జాలిగా చూశాడు.

"ఇలాంటి మేనమామతో ఎలా వేగుతున్నావమ్మా?"

"ఏం చేస్తాం అన్నా," అంది.

మెలాలి పేరు మీద సిరా ఆరాక సులుఫైగా బయటికొచ్చి, మార్కులు రాసిన ఆ పుస్తకాలన్నీ నిజంగా బెర్లిన్‌కి పంపుతావా అని అడిగింది.

"స్టాంపులు ఎవడు కొంటాడే? నువ్వు చేప వద్దంటే నిన్ను పొగరుబోతంటారు. నేను పట్టుకుపొమ్మంటే నన్ను పిచ్చోడంటారు. ఎలాగూ అంటున్నారుగా, కొత్తగా పోయేదేముంది?"

ఇన్నాళ్లూ ఈ మనిషినా తను తిట్టుకున్నదని ఆమెకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. పనివేళల్లో బంధువును చూసి నవ్వితే రెండు మార్కులు పోతాయని అతను హెచ్చరించాడు.

తర్వాతి ఓడ రోజున అతను రావడం ఆలస్యమైంది. ఎవరో ఒకాయన కొబ్బరి పీతల కట్టతో కిటికీ దగ్గరకు వచ్చాడు.

"కాస్త ఆగండి అన్నా," అంది సులుఫైగా ఎంతో మర్యాదగా. "మా మావయ్య వచ్చేస్తాడు."

ఆయన పీతల్ని వీపు వెనక్కి పెట్టుకుని, ఓడ ఎన్నింటికో కనుక్కుందామని వచ్చానన్నాడు.