నోటికి అడ్డం చెయ్యి

పక్కింటి అక్క పాడేటప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. వాళ్ళ నాయన రాత్రి బస్సు తోలి వచ్చి, ఉన్న ఒక్క గదిలో పగలంతా పడుకునేవాడు. సంగీతం కాలేజీలో సీటు రావాలంటే అయ్యవార్ల ముందు పాడి వినిపించాలి. అందుకని అక్క ఆయన మంచం పక్కనే కూర్చుని వర్ణం సాధన చేసేది. గొంతు కాస్త లేస్తే చాలు, మంచం కిర్రుమనేది.

"ఇంకెక్కడైనా పాడుకోరాదా అక్కా?" అన్నాను ఒకసారి.

"రాత్రయితే ఓనరమ్మ అరస్తాది, మిద్దె మీదయితే వీధంతా చూస్తాదని నాయన తిడతాడు. యాడ పాడేది?"

పరీక్ష రోజు పాకాల నుంచి రైల్లో తిరుపతికి నేనే తోడు వెళ్ళాను. శ్రుతిపెట్టె మోగింది. అక్క కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది. చెయ్యి దానంతటదే నోటి మీదికి వెళ్ళింది.

"వినబడలేదమ్మా, చెయ్యి తీసి పాడు" అన్నారు అయ్యవారు.

అక్క కళ్ళు తెరవలేదు.

"తీస్తే మా నాయన లేస్తాడు సార్" అంది.