మామ షోరూంలో కొన్న ట్రాక్టరు

మా చిన్నప్పుడు... నాన్న ట్రాక్టరు కొనాలనుకుని ప్రొద్దుటూరుకు నాలుగుసార్లు పోయొచ్చాడు. ఒకసారి నన్నూ తీసుకుపోయాడు. డీలరు షాపు ముందు గదిలో కొత్త బండ్లు మెరుస్తుంటే అటు చూడనే లేదు. నేరుగా వెనక షెడ్డుకు పోయి, రిపేరుకొచ్చిన రైతులను ఒక్కొక్కరినీ అడిగాడు... "బండి ఇచ్చి ఎన్నాళ్లయింది? సామాన్లు ఈడనే దొరుకుతాయా?"

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "అమ్మేవోడు కాదు పాపా, అమ్మినాక పలికేవోడు కావల్ల" అన్నాడు. అట్లాంటి డీలరు దొరికాడని ఎంత నిశ్చింతగా ఉన్నాడో...

ఆ వారమే మా మేనమామ వచ్చాడు. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. పులివెందులలో కొత్తగా వేరే కంపెనీ ట్రాక్టర్ల షోరూం పెట్టాడు. మెకానిక్కు ఇంకా కుదరలేదు.

"సొంత బావే నా కాడ కొనకపోతే ఇంగెవురు కొంటారు? అక్కా, నువ్వన్నా చెప్పు."

అమ్మ అవుననలేదు, కాదనలేదు. నాన్న ఆమె వైపు కాసేపు చూసి, "సరేలే, నీ కాడే కొంటా" అన్నాడు.

దండలేసి, నిమ్మకాయలు తొక్కించి తెచ్చుకున్నాం. తొలి వాన పడి, వేరుశనగ విత్తడం మొదలుపెట్టిన రోజే హైడ్రాలిక్ పోయింది. విత్తే గొర్రు పైకి లేవలేదు. ఫోన్ చేస్తే మామ "రేపు మనిషిని పంపిస్తా బావా" అన్నాడు. ఆ రేపు మూడుసార్లు వచ్చింది. బయటివాళ్లతో విప్పిస్తే వారంటీ పోతుందన్నాడు. చేలో పదును ఆరిపోతోంది... ఆరిందంటే విత్తనం మొలవదు, మళ్లీ వాన ఎప్పుడో ఎవరికి తెలుసు?

నాన్న మామను ఒక్క మాట అనలేకపోయాడు. అంటే అమ్మ నొచ్చుకుంటుంది. అమ్మ తమ్ముణ్ణి వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు. అమ్మ, నాన్న, నేను, తమ్ముడు... నలుగురం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా అన్నం తిన్నాం.

చివరికి పక్క చేను మస్తాన్ తాత ఎద్దులు కట్టుకొచ్చి సగం చేను విత్తాడు. మిగతా సగం ఆ ఏడాది బీడే...

ఇప్పుడు ఊర్లో ఎద్దులే లేవు. ఏ డీలరు ఎట్లాంటివాడో ఇంట్లో కూర్చునే ఫోన్లో చూసుకుంటున్నారు. మా ఆయన కూడా ట్రాక్టరు కొందామని ఒకరిని చూసిపెట్టుకున్నాడు.

నిన్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. జమ్మలమడుగులో ట్రాక్టర్ల ఏజెన్సీ తీసుకున్నాడట. "అక్కా, బావకు నువ్వొక మాట చెప్పు" అన్నాడు. మా ఆయన పక్కనే ఉన్నాడు, వింటున్నాడు.

మామకు వద్దని ఒక్క మాట చెప్పి ఉండకూడదా అని ఇన్నేళ్లూ అమ్మ మీద లోపల కోపముండేది. నిన్న నాకూ నోరు పెగల్లేదు...

మీ ఇళ్లల్లో ఎవరన్నా తమ్ముడికి "వద్దురా" అని చెప్పగలిగారా? ఎట్లా చెప్పారో కాస్త రాయండి. వాడు రేపు మళ్లీ ఫోన్ చేస్తానన్నాడు.