బ్యాటరీల శాంతయ్యకు దొరికిన జవాబు

కర్నూలు బళ్లారి చౌరస్తాలో బ్యాటరీల శాంతయ్యతో వాదనకు దిగి నెగ్గినవాడు లేడు. పాతికేళ్లుగా లారీల బ్యాటరీలకు చార్జింగ్ పెట్టడం ఆయన పని. ఎవరు ఏ మాట ఎత్తినా అడ్డం తగలందే ఆయనకు తిన్నది అరగదు. మనసు వెన్నే గానీ, నోరు మాత్రం కత్తెర.

2008లో పెట్రోలు ధర మండిపోతుంటే, డిగ్రీ చదివే కూతురు నాగశ్రీ కాలేజీ చర్చాపోటీకి పేరిచ్చింది. రేపటి బండ్లకు హైడ్రోజనే దిక్కని వాదించాలి. పిల్ల మైకు ముందుకు పోవడం అదే మొదటిసారి. నాలుగు మంచి మాటలు చెప్పాల్సింది పోయి, శాంతయ్య అన్నం కలుపుతూనే అందుకున్నాడు.

"చార్జింగ్ ఎక్కువైతే బ్యాటరీలోంచి బుసబుసా వచ్చేది ఆ గ్యాసే పాపా. దాని దగ్గర బీడీ గూడా ముట్టించనీను. దాంతో కారు నడిపేదా?"

"పొగ రాదు నాయనా. నీళ్ల ఆవిరే వస్తాది."

"సరే. కరెంటుతో గ్యాసు చేసి, ఆ గ్యాసుతో బండిలో మళ్లా కరెంటు చేసేదెందుకు? ఆ కరెంటేదో నేరుగా బ్యాటరీలో నింపుకుంటే సరిపాయె కదా."

నాగశ్రీ సగం అన్నంలోనే లేచిపోయింది. నెగ్గానని మీసం దువ్వుకున్న శాంతయ్యకు, నాలుగు రోజులైనా పిల్ల హైడ్రోజన్ ఊసెత్తకపోయేసరికి పోటీ మానుకుంటుందేమోనని ఒకటే బెంగ.

మానుకోలేదు. పోటీ రోజు ఆయనా పోయి చివరి వరుసలో కూర్చున్నాడు. బాగానే మాట్లాడుతోంది అనుకునేలోగా, అవతలి జట్టులోని భూపేష్ లేచి అచ్చం అదే ప్రశ్న వేశాడు. నోరు పారేసుకున్నందుకు శాంతయ్య తనను తానే తిట్టుకున్నాడు.

నాగశ్రీ మైకు దగ్గరికి జరిగింది.

"చిన్న కారుకు బ్యాటరీ చాలు, ఒప్పుకుంటా. బేతంచెర్ల బండలు మోసే లారీ సంగతేంది? దూరం పోయేదానికి సరిపడా బ్యాటరీలు ఎక్కిస్తే, బండలు యాడ పెట్టాల? బ్యాటరీ బరువు మీకు తెలీదు, మా ఇంట్లో తెలుసు. మా నాయన పాతికేళ్లుగా ఎత్తుతాండాడు. పొద్దున మంచం దిగాలంటే గోడ పట్టుకుంటాడు, మాకు కనపడకుండా."

హాలంతా చప్పట్లు. గ్యాసు సిలిండర్లు మాత్రం బరువుండవా అన్న ఎదురు ప్రశ్న శాంతయ్య నాలుక చివరిదాకా వచ్చింది. అడగబుద్ధి కాలేదు. సంతోషంతో కళ్లు చెమర్చాయి. నడుం నొప్పి సంగతి ఆయన ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు మరి.