గబ్బిలాల గుట్ట దగ్గర తప్పిపోయిన అత్తగారు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. షార్జా రోలాలో ఒక టైపింగ్ సెంటర్‌లో వీసా దరఖాస్తులు కొట్టుకునే నాకు, గడువు దాటిన వీసాను మించిన భూతం లేదు. కంటితో చూడకుండా నేను నమ్మింది మా వీసాలకి పూచీపడే అరబ్బు యజమాని, మా కఫీల్ ఒక్కణ్ణే. అదీ ఆయన సంతకం వస్తుంది కాబట్టి. అలాంటివాణ్ణి ఇది రాయడం నాకే వింతగా ఉంది.

కరోనా ఆంక్షలు ఎత్తేశాక మా అత్తగారు అమలాపురం నుంచి విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు. ఈద్ సెలవుల్లో ఆవిడ ముచ్చటపడ్డారని కంబోడియా గుళ్ళు చూపించడానికి తీసుకెళ్ళాం. చివర్లో రెండు రోజులు జనం తక్కువుండే ఊళ్ళో గడుపుదామని బట్టంబాంగ్ వెళ్ళాం. ‘బట్టతలాయన చూడాల్సిన ఊరే’ అంది మా ఆవిడ విజయ, నా నున్నటి తల చూస్తూ. పేరు విన్నప్పుడే ఆ మాట పడుతుందనుకున్నాను.

చక్కటి ఊరు. ఏటి ఒడ్డున పాత ఫ్రెంచి మేడలు, పట్టాల మీద వెదురు మంచంలా దొర్లే రైలు. ఒక పల్లెలో బియ్యప్పిండి జారు ఆవిరి మీద పల్చగా పరిచి రేకులు తీస్తున్నారు. అత్తగారు ఆగి చూశారు.

“ఆయ్, పూతరేకులేనండీ అల్లుడుగారూ! నెయ్యీ బెల్లం మర్చిపోయారంతే.”

ఊరి మొదట్లో కర్ర పట్టుకున్న తాత విగ్రహం ఉంది. ఊరి పేరుకి ‘పోయిన కర్ర’ అని అర్థమట. వాళ్ళు కర్రే పోగొట్టుకున్నారు. మేం ఏకంగా అత్తగారినే పోగొట్టుకున్నాం.

మేం దిగిన ఇంటి ముందు, స్తంభం మీద బొమ్మరిల్లంత గుడి ఉంది. అక్కడ ప్రతి ఇంటికీ అలాంటిది ఉంటుంది. అందులో స్థలాన్ని కాచే పెద్దాయన ఉంటాడని వాళ్ళ నమ్మకం. వచ్చిన రోజే అత్తగారు దణ్ణం పెట్టి, అక్కడున్న అరటిపండు ప్రసాదమనుకుని కళ్ళకద్దుకుని తినేశారు. ఇంటావిడ సోఖా నోరు తెరిచి చూసింది. అది ఆయన భోజనం, మనకి పంచేది కాదు.

అత్తగారు సిగ్గుతో చితికిపోయారు. “అయ్యో, ఇంటాయన తినకుండా అతిథి తినేసిందండీ” అని, మర్నాడు పొద్దున్నే తన డబ్బాలోంచి సున్నుండ తీసి అక్కడ పెట్టారు. సోఖా నవ్వుతూ ఒక అగరొత్తి వెలిగించి ఆవిడ చేతికిచ్చింది.

ఆ సాయంత్రం గబ్బిలాల గుట్టకి వెళ్ళాం. చీకటి పడేముందు అక్కడి గుహలోంచి లక్షల గబ్బిలాలు పొగతాడులా ఆకాశంలోకి పోతాయి. అది చూడ్డానికి రోడ్డు పక్క ప్లాస్టిక్ కుర్చీల్లో జనం కూర్చుంటారు.

అత్తగారికి షుగరు. మధ్యాహ్నం ఇన్సులిన్ వేసుకున్నారు గానీ, హోటల్లో చేపల వాసనకి అన్నం ముట్టలేదు. బిస్కట్లున్న సంచీ నా భుజానే ఉంది. గబ్బిలాలు మొదలవగానే ఆవిణ్ణి వాటి కింద నిలబెట్టి ఫోటో తీశాను. ఇంకోటి విజయతో కలిపి తీద్దామని తిరిగేసరికి ఆవిడ లేరు.

అటూ ఇటూ పరిగెత్తాం. ఆవిడకి తెలుగు తప్ప ఇంకో భాష రాదు. చేతిలో ఫోను లేదు. షుగరు పడిపోతే మాట తడబడి కూలిపోతారని మా ఇద్దరికీ తెలుసు. ఇదివరకోసారి ఆసుపత్రి దాకా వెళ్ళొచ్చారు. విజయ “అమ్మా, అమ్మా” అని అరుస్తుంటే, పైన ఏం జరుగుతోందో నేను తల ఎత్తి చూడలేదు.

అప్పుడు నా ఫోన్ మోగింది. సోఖా. వచ్చీరాని ఇంగ్లీషులో, మీ అమ్మ ఇక్కడ కూర్చుంది, మీరెక్కడ, అని.

నేను తల ఎత్తింది అప్పుడే. గబ్బిలాలు ఇంకా గుహలోంచి వస్తూనే ఉన్నాయి.

ఆ గుట్ట నుంచి ఊళ్ళోకి టుక్‌టుక్‌లో అరగంట పైనే పడుతుంది. మాకూ అంతే పట్టింది. వెళ్ళేసరికి అత్తగారు ఆ చిన్న గుడి పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నారు. షుగరు చూస్తే మామూలుగానే ఉంది.

“కళ్ళు చీకట్లు కమ్మాయే. ఓ పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. మన కండువాలాంటి గళ్ళ తుండు భుజాన. ‘ఏమ్మా, ఏం తినలేదా’ అన్నాడు. తియ్యగా ఏదో తాగించి, ఇక్కడ కూర్చోబెట్టాడు.”

“ఏ భాషలో అమ్మా?” అంది విజయ.

“అదేంటే, మన భాషలోనే! మన వైపు మాటే. ఏ ఊరండీ అని అడుగుదామనుకునేలోపు వెళ్ళిపోయాడు.”

ఎవరూ రావడం చూడలేదంది సోఖా. గేటు గడియ లోపలినుంచి వేసే ఉందిట. మొక్కలకి నీళ్ళు పోస్తూ వెనక్కి తిరిగితే ఆవిడ కూర్చుని కనిపించారట.

షార్జా వచ్చాక సెంటర్‌లో నా పక్క సీటు లింగన్నకి చెప్పాను. జగిత్యాల వైపు మనిషి. “గంతేంది అన్నా! గాయన మన గల్ఫు కాడ లేబర్ క్యాంపుల పని చేసిండొచ్చు, మనోళ్లతోని మాటలు నేర్చిండొచ్చు. ఖలాస్!” అని తేల్చేశాడు. తెలుగు అలాగే వచ్చిందనుకుందాం. మరి అంత దారి అంతలో ఎలా తగ్గింది? “మీ ఫోను టైము తప్పై ఉంటది” అన్నాడు. ఫోటో తీసిన టైమూ, ఫోన్ వచ్చిన టైమూ ఒకే ఫోనులో ఉన్నాయి. రెంటికీ మధ్య ఒక టీ తాగేంత వ్యవధి కూడా లేదు.

జవాబు వెతకడం మానేశాను. ఆవిడ ఉన్నారు, అంతే.

ఆ ఊరు వదిలేరోజు పొద్దున, విజయా వాళ్ళమ్మా సామాన్లు ఎక్కిస్తుంటే, నేనొక్కణ్ణీ ఆ చిన్న గుడి ముందుకి వెళ్ళాను. చెప్పులు విప్పాను. మంత్రాలు రావు, వాళ్ళ భాష అసలే రాదు. “చాలా థాంక్సండీ, మా అత్తగారిని జాగ్రత్తగా తీసుకొచ్చారు” అన్నాను, దారి చూపిన పొరుగింటాయనతో అన్నట్టు. అత్తగారి డబ్బాలోంచి తెచ్చిన సున్నుండ అక్కడ పెట్టి, చెప్పులు తొడుక్కున్నాను.